అక్కకు అక్కరలేని కళ్ళజోడు

నేను ఒక కళ్ళజోడుని. వంకాయరంగు ఫ్రేము, ముక్కు మీద ఆనే చోట మెత్తటి దిండ్లు, చిన్నపిల్లల సైజు. ఏ ఊళ్ళో పుట్టానో నాకు తెలియదు. అచ్చులో పోసిన వేడి ప్లాస్టిక్కుకి ఊరి పేరు ఎవరు చెబుతారు? వేడి ఆరగానే కాడలు బిగించి, మెరుగు పెట్టి, నాలాంటివాళ్ళతో కలిపి అట్టపెట్టెలో సర్ది పంపేశారు. నాకు ఊహ తెలిసింది మాత్రం తణుకులో, ఖాదర్‌బాబు గారి కళ్ళద్దాల షాపులో.

అసూయ నాకు అక్కడే అబ్బింది. నా పై అరలో చలవ కళ్ళద్దాలు ఉండేవి. వాటిని కొనేవాళ్ళు నవ్వుతూ వచ్చేవారు, పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకునేవారు, ఇంకా నవ్వుతూ వెళ్ళేవారు. పిల్లల అర దగ్గరికి వచ్చే తల్లులు మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు పెట్టుకునేవారు. "ఈ వయసులోనే అద్దాలేంటండీ?" అని ఖాదర్‌బాబు గారిని నిలదీసేవారు, ఆ సైటు ఆయనే తెచ్చి అంటించినట్టు. ఎండ నుంచి దాక్కోవడానికి మనుషులు చూపించే ముచ్చట, ఎదురుగా ఉన్నదాన్ని చూడడానికి చూపించరు.

అలాంటి షాపుకి ఒకరోజు వీరకుమారి అనే ఆవిడ తన పెద్దకూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల పేరు కుందన. నాలుగో తరగతి. "పుస్తకం ముందు పెడితే దిక్కులు చూస్తోందండి. బళ్ళో కళ్ళు చూపించమన్నారు" అంది.

కుందన గడ్డాన్ని యంత్రం మీద ఆనించి లోపలికి చూడమన్నారు. యంత్రం కొద్దిగా సైటు చూపించింది. పిల్లలు కళ్ళు బిగబట్టి చూస్తే లేని సైటు కూడా అలా కనిపించడం మామూలేనట. ఆ సంగతి నేను చాలాకాలం తరవాత విన్నాను. ఆ తరవాత గోడ మీది అక్షరాల అట్ట చదవమన్నారు. కుందన మొదటి అక్షరం చెప్పింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది. అట్టకేసి చూసింది, అమ్మకేసి చూసింది.

"కనపడట్లేదామ్మా?" అన్నారు ఖాదర్‌బాబు గారు మెత్తగా.

మునిగిపోయేవాడికి తాడు దొరికినట్టు ఆ పిల్ల ఆ మాటని పట్టుకుంది. "ఆఁ. కనపడట్లేదు."

అరలోంచి ఆ మొహం నేను చూశాను. చదవడం రాకపోతే తిడతారు, కనపడకపోతే తిట్టరు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ తేడా బాగా తెలుసు. వీరకుమారి కూడా "హమ్మయ్య, సైటేనా!" అని గట్టిగా ఊపిరి వదిలింది. నన్ను చూసి నవ్విన మొదటి తల్లి ఆవిడే. అర సైటు అద్దాలు కోసి నాలో బిగించారు. నా బతుక్కి ఒక ముక్కు దొరికింది.

కుందన తండ్రి మేడిశెట్టి దొరబాబుకి పాత బస్టాండు దగ్గర శుభలేఖలు అచ్చువేసే షాపుంది. పైన ఇల్లు, కింద షాపు. ఆ సాయంత్రం ఆయన నన్ను పిల్ల ముక్కు మీద సరిగ్గా నిలబెట్టి, బల్ల మీదున్న ఒక కార్డు తీసి చేతికిచ్చాడు.

"ఏదీ బంగారం, చదువు చూద్దాం."

కుందన కార్డుని మొహానికి దగ్గరగా పట్టుకుని అందుకుంది. "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. తాము సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, నూతన వధూవరులను ఆశీర్వదించి, మా ఆతిథ్యము స్వీకరించ ప్రార్థన." ఎక్కడా ఆగలేదు. దొరబాబు మొహం విప్పారింది. "చూశావా కుమారీ, అద్దాలు పెట్టామో లేదో గుక్కతిప్పుకోకుండా చదివేసింది!" అన్నాడు. నేను కూడా గర్వపడ్డాను. నిజం చెప్పొద్దూ, అంతా నా చలవే అనుకున్నాను.

చెల్లెలు లాస్య పక్కనే నేల మీద కూర్చుని ఉంది. మూడో తరగతి. మొదటి ర్యాంకు. తల పైకెత్తి కార్డులోకి తొంగిచూసింది. "నాన్నా, ఇందులో వధూవరులెక్కడున్నారు? ఇది ఓణీల ఫంక్షన్ కార్డు."

కుందన చదవలేదు. ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ చెవిన పడ్డ శుభలేఖని అప్పజెప్పింది.

ఆ పిల్ల ముక్కు మీద ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. అక్షరాలు మసకబారలేదు. ఎగరలేదు, తలకిందులు కాలేదు. క అంటే కగానే ఉంది. కానీ రెండో అక్షరం దగ్గరికి వెళ్ళేసరికి మొదటిది చేజారిపోయేది. మాట చివరికి చేరేసరికి మొదట ఏముందో మిగిలేది కాదు. అప్పుడు ఏదో ఒక అక్షరాన్ని ఆసరా చేసుకుని తోచిన మాట అనేసేది. ఆదివారం అని ఉంటే ఆకాశం అనేది. ఒత్తులు దాటేసేది. కంటి దాకా తీసుకెళ్ళడమే నా పని. కన్ను దాటాక నాకు ప్రవేశం లేదు.

ఆ తరవాత కుందన నాలోంచి ఎక్కువగా చూసింది పుస్తకాల్ని కాదు, చెల్లెల్ని. లాస్య అన్నం తింటూ చదివేది. పప్పులపొట్లం కాగితం కూడా వదిలేది కాదు. చదువుతూ చదువుతూ తనలో తను నవ్వుకునేది. ఆ నవ్వే కుందనకి పడేది కాదు. ఆ కాగితంలో ఏదో ఉంది, చెల్లెలికి దొరుకుతోంది, తనకి దొరకడం లేదు. పైగా వీరకుమారి రోజూ అదే మాట అనేది. "నీకన్నా చిన్నది. దాన్ని చూసైనా నేర్చుకోవే." కుందన దాన్ని చూసేది. చూసి చూసి ఒకరోజు, లాస్యకి బహుమతిగా వచ్చిన కథల పుస్తకాన్ని తీసుకెళ్ళి బట్టలు నానబెట్టిన బకెట్లో ముంచింది. పుస్తకం ఉబ్బిపోయి పైకి తేలుతుంటే చేత్తో మళ్ళీ లోపలికి నొక్కింది. నేను అంతా చూస్తూనే ఉన్నాను. నాకు జాలి కలగలేదు. ఆ అమ్మాయి కడుపులో ఉన్న మంట నాకు కొత్తది కాదు.

వీరకుమారి చెయ్యి చేసుకుంది. ట్యూషను పెట్టించింది. ట్యూషను మాస్టారు బద్ధకమన్నాడు. ఏడాది సగమయ్యేసరికి బళ్ళో హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "ఇంకో ఏడాది నాలుగులోనే కూర్చోబెడదామండి" అంది.

ఇంటికొచ్చాక తల్లి ఆ సంగతి చెప్పింది. కుందన వేళ్ళు మడిచి ఏదో ఆలోచించుకుంది. "అంటే చెల్లి, నేను ఒకే క్లాసా?"

వీరకుమారి తలూపింది.

"అయితే నేను బడికి వెళ్ళను. నన్ను చంపేసినా వెళ్ళను."

అన్నట్టే వెళ్ళలేదు. పుస్తకాల సంచి విసిరేసింది. నన్ను తీసి కాగితం కోతల బుట్టలో పారేసింది. బతిమాలినా, బెదిరించినా మంచం కోడు పట్టుకుని వదల్లేదు.

రెండుమూడు రోజులు చూసి, బడి నుంచి అఖిల టీచరు ఇంటికి వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి. "కుందనకి తెలివి తక్కువ కాదండి. నేను పాఠం చెప్పి నోటితో అడిగితే అందరికన్నా ముందు చెబుతుంది. అదే రాయమంటే ఏమీ రాదు. ఇది బద్ధకంలా లేదు. రాజమండ్రిలో రెబెకా మేడం అని సైకాలజిస్టు ఉన్నారు. ఒకసారి చూపించండి" అంది.

వీరకుమారి లేచి నిలబడింది. "పిచ్చిడాక్టరు దగ్గరికా? మా పిల్లకి పిచ్చేం లేదు."

"నేను తీసుకెళ్తాను" అన్నాడు దొరబాబు. ఆ ఇంట్లో ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. ఆయనే కాగితం ముక్కల్లో చెయ్యి పెట్టి వెతికి నన్ను బయటికి తీశాడు. చివరికి ముగ్గురూ బయల్దేరారు. లాస్యని పక్కింట్లో దిగబెట్టారు.

రెబెకా మేడం ఏ పరీక్షా మొదలుపెట్టకముందే కళ్ళూ చెవులూ పెద్దాసుపత్రిలో చూపించుకు రమ్మంది. అక్కడ కంట్లో మందుచుక్కలు వేసి చూశారు. "ఈ పాపకి సైటే లేదండి. ఈ అద్దాలు అక్కర్లేదు" అన్నారు. ఎంత తేలిగ్గా అన్నారో! చెవులు కూడా బాగానే ఉన్నాయి. నన్ను వీరకుమారి చేతిలో పెట్టేశారు. ఆవిడ నన్ను రెబెకా మేడం బల్ల మీద పెట్టి మర్చిపోయింది. అందుకని ఆ తరవాత జరిగిందంతా నేను ముక్కు మీంచి కాక బల్ల మీంచి చూశాను.

మేడం ముందు తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి, పిల్ల ఎప్పుడు నడిచింది, ఎప్పుడు మాట్లాడింది అన్నీ అడిగింది. "ఇంట్లో ఇంకెవరికైనా చదవడం కష్టంగా ఉండేదా?" అంది.

"ఎవరికీ లేదండి" అంది వీరకుమారి. "ఈయన ప్రెస్సే నడుపుతారు."

దొరబాబు కిటికీ బయటికి చూశాడు.

తరవాత కుందన వంతు. ఎరుపూ తెలుపూ చెక్కముక్కలిచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటే చకచకా పేర్చింది. బొమ్మలు చూపించి కథ చెప్పమంటే ఆపకుండా చెప్పింది. ఆ పిల్ల అంత హుషారుగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, నేను ముక్కు మీద ఉన్నన్నాళ్ళూ చూడలేదు. అది కాస్త గుచ్చుకుంది. తరవాత మేడం, "పలక అను. అందులో ప తీసేస్తే ఏం మిగులుతుంది?" అంది. కుందన "పల..." అంది. "పక..." అంది. అర్థంలేని మాటలు కొన్ని రాసిచ్చి చదవమంది. గోబనె, లిటము, చుమరి. ఊహించి చెప్పడానికి అక్కడ ఆసరా ఏమీ లేదు. పిల్ల మెడ మీద చెమటపట్టింది. పక్కనే రాసినదాన్ని చూసి రాయడం, రంగుల పేర్లు గబగబా చెప్పడం, ఇలా ఇంకా చాలా పెట్టింది. తప్పు చెప్పినా మేడం కనుబొమ్మ కదల్లేదు. ఇంకోరోజు మళ్ళీ రమ్మని మిగతావి పూర్తిచేసింది. ఆ తరవాతే మాట చెప్పింది.

"దీన్ని డిస్లెక్సియా అంటారండి. కళ్ళలో లోపం కాదు. తెలివిలో లోపం కాదు. బద్ధకం అసలే కాదు. మనం మాట వింటే అందులో శబ్దాలు విడివిడిగా వినపడతాయి, వాటిని అక్షరాలతో ముడివేసుకుంటాం. ఈ పిల్లకి ఆ ముడి తొందరగా పడదు. మందు లేదు. కానీ నేర్పే పద్ధతి ఉంది. శబ్దం, అక్షరం, వేలు, మూడూ కలిపి రోజూ కాస్త కాస్త నేర్పాలి. చదువుతుంది. నెమ్మదిగా చదువుతుంది."

వీరకుమారి ఏడవడం మొదలుపెట్టింది. కొట్టిన దెబ్బలన్నీ ఆవిడ చేతికి ఒక్కసారి తగిలినట్టున్నాయి. కుందన అమ్మని చూడలేదు, మేడాన్నే చూస్తోంది.

"మా చెల్లికి కూడా ఉందా, అది?"

"లేదమ్మా."

పిల్ల మొహంలో ఏదో ఆరిపోయింది. "అయితే మా ఇంట్లో నాకొక్కదానికేనా?"

దొరబాబు గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఉందేమో తల్లీ."

వీరకుమారి ఏడుపు ఆపి మొగుడివైపు తిరిగింది.

"నేను ప్రూఫు చదవను కుమారీ. ఆపరేటరు చదివి వినిపిస్తాడు. నేను పేర్లని బొమ్మల్లాగ పోల్చుకుంటానంతే. ఎనిమిదిలో ఎందుకు మానేశానని అడిగితే మా నాన్న మీదకి నెట్టేసేవాణ్ణి. ఆ రోజు అది ఓణీల కార్డని నేను మాత్రం చూశానా?"

కుందన లేచి వెళ్ళి తండ్రి ఒళ్ళో కూర్చుంది. అంత పెద్ద పిల్ల. చెల్లెలికి లేనిది, నాన్నకీ తనకీ మాత్రమే ఉన్నది ఒకటి దొరికినందుకు మెడ కాస్త నిటారుగా పెట్టింది.

ఈసారి నన్ను మర్చిపోకుండా ఇంటికి తెచ్చి, కుట్టుమిషను సొరుగులో పడేశారు. అక్కడ నేను పడ్డ కుళ్ళు మాటల్లో చెప్పలేను. నా స్థానంలోకి ఎవరొచ్చారనుకున్నారు? ఒక పళ్ళెంలో బొంబాయిరవ్వ! సొరుగు సందులోంచి కనపడేది. వీరకుమారి రోజూ సాయంత్రం కుందనని పక్కన కూర్చోబెట్టుకుని, రవ్వలో వేలితో అక్షరం రాయిస్తూ శబ్దం పలికించేది. చప్పట్లు కొట్టి మాటని ముక్కలు చేయించేది. ఉప్మాకి పనికొచ్చే రవ్వకి అంత మర్యాద!

కుళ్ళుకుంటున్నది నేనొక్కదాన్నే కాదు. లాస్య గుమ్మం దగ్గర నిలబడి చూసేది. ఇన్నాళ్ళూ అమ్మ మెచ్చుకోళ్ళన్నీ తనవే. ఇప్పుడు మొదటి ర్యాంకు తెచ్చి చూపించినా, "మంచిది తల్లీ, అక్కడ పెట్టు" అంటోంది. అదే అక్క ఒక్క ఒత్తు సరిగ్గా పలికితే చంకలు గుద్దుకుంటోంది. ఒకరోజు లాస్య పుస్తకం తెచ్చి అమ్మ పక్కన కూర్చుని, ఆదివారాన్ని ఆవకాయ అని చదివింది.

"వేషాలా?" అంది వీరకుమారి.

"నాకూ డిస్లెక్సియా వచ్చిందేమో" అంది లాస్య. తల్లి నవ్వేసింది. ఆ నవ్వుకి లాస్య లోపలికి వచ్చి, సొరుగు లాగి, నన్ను తీసి పెట్టుకుంది. అక్కది ఏదో ఒకటి తనక్కావాలి. అంతే.

పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, అలాగే ఉండిపోయింది. కరెంటు స్తంభం మీద నల్లటి గీత అనుకున్నది నాలుగు తీగలు. ఎదురింటి డాబా మీద కాకికి ముక్కుంది. అప్పుడు నాకు అర్థమైంది. సైటున్న పిల్ల ఈవిడ! నాది సరిపోయే సైటు కాదు, అయినా ఎంతో కొంత. బళ్ళో బోర్డు మీద రాసింది కనపడక, పక్కపిల్ల నోట్సులో చూసి రాసుకుంటూ, మిగతాది చెవులతో పట్టుకుంటూ నెట్టుకొస్తోంది. అందరికీ అలాగే ఉంటుందనుకుంది. మొదటి ర్యాంకు పిల్లని బోర్డు కనపడుతోందా అని ఎవరడుగుతారు?

ఆ రోజు నుంచి నన్ను సంచిలో దాచుకుని బడికి తీసుకెళ్ళేది. ఏ క్లాసన్నది ఏడాది చివర చూద్దామని తండ్రి నచ్చజెప్పాక కుందన కూడా మళ్ళీ బడికి వెళ్తోంది. ఒక సాయంత్రం బడి బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు లాస్య నన్ను తియ్యడం మర్చిపోయింది. కుందన చూసింది.

"అవి నావి! తియ్యి!"

"నీకు అక్కర్లేదన్నారుగా."

"అయినా నావే. తియ్యవే!"

"అమ్మ నీకే. రాజమండ్రి బస్సు నీకే. మేడం నీకే. ఇవి కూడా నీకేనా?" అని లాస్య అరిచింది. కుందన ఒక కాడ పట్టుకుని లాగింది, లాస్య రెండోది వదల్లేదు. ఒక కాడ విరిగి నేను దుమ్ములో పడ్డాను. నొప్పి సంగతి ఎలా ఉన్నా, నా కోసం ఇద్దరు కొట్టుకోవడం నాకు బాగుందనే చెప్పాలి.

లాస్య కింద కూలబడి ఏడ్చింది. "రేపు లెక్కల పరీక్ష. బోర్డు మీద రాస్తారు. ఇప్పుడెలా కనపడుతుంది?"

కుందన నన్ను తీసి దుమ్ము దులుపుతూ ఆగిపోయింది. "బోర్డు కనపడదా నీకు?" చెల్లెలు మళ్ళీ వేషాలేస్తోందనుకుంది. రోడ్డుకి అవతల ఒక కొట్టు మీదున్న బోర్డు చూపించింది. "అదేంటో చెప్పు."

లాస్య కళ్ళు చికిలించింది. "ఎర్రగా ఏదో ఉంది."

"అక్షరాలు?"

"ఎర్రగానే ఉంది అక్కా."

కుందన బోర్డుకేసి తిరిగింది. నన్ను పట్టుకున్న చేతి చూపుడువేలు గాలిలో కదలడం మొదలైంది. "ని... మ కింద మ ఒత్తు... మ్మ... కా... య. నిమ్మకాయ." గుటక వేసింది. "సో... డా. దొ... దొరు... దొరుకును." మళ్ళీ మొదటి నుంచి, ఒక్క ఊపిరిలో చెప్పింది. "నిమ్మకాయ సోడా దొరుకును."

లాస్య ఏడుపు మానేసి అక్క మొహంలోకి చూసింది. "అంత దూరంది నీకు కనపడుతోందా?" ఆ గొంతులో ఉన్నది నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ పిల్ల చదువు విషయంలో అక్కని చూసి కుళ్ళుకుంది.

"ఓ, బ్రహ్మాండంగా కనపడుతోంది" అంది కుందన. ఎవరూ అడక్కుండానే పక్క బోర్డు కూడా మొదలుపెట్టింది. ఆటో వచ్చి హారన్ కొట్టినా పూర్తయ్యేదాకా ఎక్కలేదు.

ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పింది కుందనే. "అమ్మా, చెల్లికి సైటుంది." వీరకుమారి చేతిలో రవ్వపళ్ళెం కింద పెట్టి, లాస్యని దగ్గరికి లాక్కుంది. చాలాసేపు వదల్లేదు. కుందన చూస్తూ ఊరుకుంది. ఊరుకోవడం ఆ పిల్లకి తేలికేం కాలేదు. గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది.

లాస్యకి నీలం రంగు ఫ్రేముతో కొత్త కళ్ళజోడు వచ్చింది. సరైన సైటు, తెల్లారితే ముక్కు మీదే కాపురం. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా అద్దాలు వేడెక్కుతాయి. రెబెకా మేడం రాసిచ్చిన రిపోర్టు పట్టుకుని దొరబాబు, అఖిల టీచరు కలిసి హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడారు. కుందనకి నోటితో పరీక్ష పెట్టి అయిదో తరగతికి పంపారు. అక్క అక్కగానే ముందు క్లాసులో కూర్చుంది. పదో తరగతి పరీక్షలో ఎక్కువ సమయమిచ్చారు. ఇప్పుడు కాకినాడలో ఫిజియోథెరపీ చదువుతోంది. పాఠాలు ఫోనులో చదివించుకుని వింటుంది. తను చదివితే ఇప్పటికీ నెమ్మదే. గట్టిగా, అక్షరాలు ఒత్తి పలుకుతూ చదువుతుంది. చెల్లెలు ఒక పుస్తకం ఒక్క పూటలో ముగిస్తే ఇప్పటికీ మూతి తిప్పుతుంది.

విరిగిన కాడకి దొరబాబు దారం చుట్టి జిగురు పూశాడు. నేను సొరుగులోనే ఉండిపోయాను. మొన్న కుందన సెలవులకి ఇంటికొచ్చినప్పుడు తణుకులో కంటి శిబిరం పెట్టి, పాత కళ్ళజోళ్ళు ఇవ్వమన్నారు. లాస్య తను విడిచేసిన జోళ్ళన్నీ పట్టుకెళ్ళి పెట్టెలో వేస్తూ నన్నూ వేసింది.

పెట్టెలో బంగారురంగు ఫ్రేములు, సోడాబుడ్డి అద్దాలు, అన్నీ మాటల్లో పడ్డాయి. ఒకటి జడ్జిగారి తీర్పులన్నీ చూసిందట. ఒకటి ఒక ముసలమ్మకి మనవరాలి మొహం మొదటిసారి చూపించిందట. నీలం జోడు కూడా అక్కడే ఉంది, లాస్య చదివిన పుస్తకాల పేర్లు చదువుతోంది. నన్నడిగితే ఏం చెప్పను? ఒకరికి అక్కర్లేదు, ఇంకొకరికి సరిపోలేదు. దారం చుట్టిన కాడని అడుగుకి తిప్పుకుని పడుకున్నాను.

మధ్యాహ్నం బల్ల దగ్గర గొంతు వినపడింది. ఎదిగిన గొంతు. అయినా గుర్తుపట్టాను.

"అందులో ఒకటి పొరపాటున పడిందండీ. వంకాయరంగుది."

శిబిరంలో కూర్చున్న ఆవిడ పెట్టె కెలికి నన్ను పైకి తీసింది. అద్దాల్లోంచి చూసి, "ఇదా? అర సైటేనమ్మా. కాడ కూడా విరిగింది. నీకు సైటెంత?" అంది.

"నాకు సైటు లేదండీ."

"మరి ఎందుకిది?"

కుందన చెయ్యి చాచింది. "నాదండీ."

ఆవిడ ఇంకేదో అడగబోయి, మానేసి ఇచ్చేసింది. కుందన నన్ను చున్నీ అంచుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. సంచి మూతపడే ముందు నేనొకసారి వెనక్కి చూశాను. పెట్టెలో ఉన్న జోళ్ళన్నీ, నీలందానితో సహా, గుడ్లప్పగించి నన్నే చూస్తున్నాయి. ఆ చూపేంటో నాకు చెప్పక్కర్లేదు.